రెండు రోజులు ఆగాల్సిన అతుకు

వెల్డింగు రాడ్లను ఆరబెట్టే ఓవెన్ తలుపు తీయగానే ఒక పొడివేడి ముఖానికి తగులుతుంది. కాల్చిన సున్నం వాసన లాంటిది, ఇనుము వాసన లాంటిది అందులో కలిసి ఉంటుంది. విశాఖపట్నంలో నేను పనిచేసే చోట గోడకు అవతలే సముద్రం. గాలిలో ఏడాది పొడుగునా తడి ఉంటుంది కాబట్టి రాడ్లను వేడిలోనే ఉంచి, వాడే ముందు మాత్రమే బయటికి తీస్తారు. పొద్దున్నే వెళ్ళి ఆ వేడి ఎంత ఉందో చూసి సంతకం పెట్టడం నా పనుల్లో మొదటిది. మేము కట్టేవి అణుశక్తితో నడిచే జలాంతర్గాములు. వాటి అతుకుల్లో లోపాలు వెతికే ఉద్యోగం నాది. ఇంతకు మించి అక్కడి పని వివరాలు నేను రాయకూడదు, రాయను కూడా. కానీ ఆ వేడి తగిలినప్పుడల్లా నాకు చిత్తూరులో ఒక రేకుల షెడ్డు, అందులో ముక్కాలి పీట మీద కూర్చున్న ఏసుపాదం సారు గుర్తుకొస్తారు. ఆయన గురించి రాయవచ్చు. ఆయన పోయి రెండేళ్ళయింది.

మాది పూతలపట్టు దగ్గర పల్లె. నాయన బెల్లం గానుగల దగ్గర పాకం కాచే పనికి వెళ్ళేవాడు. పది పాసయ్యాక చిత్తూరు ఐటీఐలో కుట్టుపని నేర్చుకుందామని వెళ్తే ఆ సీట్లు నిండిపోయాయని, వెల్డింగులో మాత్రం ఖాళీలున్నాయని చెప్పారు. ఇంట్లో ఊరికే కూర్చోవడం ఇష్టం లేక చేరిపోయాను. ఆ తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మాకు పని నేర్పే ఏసుపాదం సారు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, ప్రత్యేకంగా మెచ్చుకోనూలేదు. అందరికీ ఇచ్చినట్టే తోలు గ్లౌజులు ఇచ్చారు. అవి నా చేతులకు మరీ వదులైతే సాయంత్రం ఇంటికి పట్టుకుపోయి, భార్య గ్రేసమ్మగారి చేత వేళ్ళ దగ్గర కుట్టించి మరునాడు తెచ్చిచ్చారు. ఆయన మర్యాద అలాంటిది. మాటల్లో తక్కువగా ఉండేది, పనిలో కనిపించేది.

మొదటి పది రోజులు నా చేతికి నిప్పే ఇవ్వలేదు. ఆయన అతుకుతుంటే పక్కన నిలబడి వినమనేవారు. నూనెలో అప్పడం వేగుతున్నట్టు ఒకే తీరున శబ్దం వస్తే పని సరిగా సాగుతున్నట్టు, మధ్యలో తెగి చిటపటలాడితే చెయ్యి తప్పినట్టు. రాడ్లకు తడి తగలకుండా ఒక పాత ట్రంకుపెట్టెలో బల్బు వెలిగించి, ఆ వేడిలో దాచేవారు. ఐటీఐకి ఓవెన్ కొనే స్తోమత లేదు. ఆ పెట్టె మూత తీసి ఎవరైనా అలాగే వదిలేస్తే మాత్రం ఆయనకు కోపం వచ్చేది. మేము అతికిన ప్రతి పలకనూ మా చేతనే అడ్డంగా కోయించి, లోపల ఎలా ఉందో మమ్మల్నే చెప్పమనేవారు. నేను ఒకసారి కోసిన పలకలో సూది మొనంత గుంటను ఆయన కంటే ముందు చూశాను. ఆయన పలకను వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసి, "నీ చెయ్యి బాగుండాది అమ్మణ్ణీ. కన్ను ఇంకా బాగుండాది" అన్నారు. ఆయన నోట నేను విన్న పొగడ్త అదొక్కటే.

ఐటీఐకి రాకముందు ఆయన ఎక్కడ పనిచేశారో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. అడిగితే సముద్రం పక్కన ఇనుము అతికేవాణ్ణని చెప్పి ఊరుకునేవారు. బాయిలర్లు చేసే కంపెనీ అయి ఉంటుందని అనుకునేవాళ్ళం. ఒకరోజు పేపర్లో నీళ్ళ మీద తేలుతున్న నల్లటి జలాంతర్గామి బొమ్మ వచ్చింది. మన దేశంలోనే కట్టిందని రాశారు. తరగతిలో దాన్ని చేతులు మార్చుకుంటూ చూస్తుంటే సారు వచ్చారు. బొమ్మను తీసుకుని చూశారు. పేపరు మడిచి ఇచ్చి, పాఠం మొదలుపెట్టారు. ఆ పాఠం మధ్యలో రెండుసార్లు మాట మరిచిపోయి ఆగిపోయారు. అంతకు ముందుగానీ ఆ తరువాతగానీ ఆయన అలా ఆగిపోవడం నేను చూడలేదు.

చదువు ముగిశాక ఆయనే నన్ను తిరుపతిలో అతుకుల పరీక్ష నేర్పే చోట చేర్పించారు. ఉక్కులోకి శబ్దాన్ని పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి లోపలి పగులును కనిపెట్టే పని అది. నేర్చుకుని, ఏర్పేడు దగ్గర ఒక చిన్న కంపెనీలో ఉద్యోగంలో చేరాను. ఓడరేవుల్లో బరువులు ఎత్తడానికి వాడే ఉక్కు చట్రాలు చేసేవాళ్ళు. మందపాటి గట్టి ఉక్కును అతికేటప్పుడు రవ్వంత తడి చేరినా పగులు వెంటనే రాదు. అంతా చల్లబడి, బాగుందనుకున్నాక, ఒకటి రెండు రోజులకు లోపల మెల్లగా చీలుతుంది. అందుకే అతికిన రెండు రోజుల తరువాతే పరీక్షించాలని నియమం. ఒక శనివారం లారీ వచ్చి నిలబడింది. మేనేజరు నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. లారీ ఎదురుచూస్తోందని మాత్రం చెప్పి, చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. శుక్రవారం అతికిన చట్రాలను నేను అప్పుడే పరీక్షించి, గురువారం అతికినట్టు రాసి సంతకం పెట్టాను. ఏ లోపమూ కనిపించలేదు. లారీ వెళ్ళిపోయింది.

మరునాడు అన్నం సహించలేదు. అమ్మకు ఏదో చెప్పి బస్సెక్కి, కాణిపాకం దారిలో ఉన్న సారు ఇంటికి వెళ్ళాను. ఆయనా గ్రేసమ్మగారూ అప్పుడే చర్చి నుంచి వచ్చారు. గ్రేసమ్మగారు నా ముఖం చూసి లోపలికి వెళ్ళి కంచం పెట్టారు. తిన్నాక సారుకు జరిగింది చెప్పాను. ఆ చట్రాల కింద మనుషులు నడుస్తారు కదా అన్న ఆలోచన పోవడం లేదని కూడా చెప్పాను.  అప్పుడు, తన గురించి ఎప్పుడూ చెప్పని మనిషి, ఆ ఒక్కసారి చెప్పారు.

ఆయన పడుచువాడిగా ఉన్నప్పుడు, పేపర్లో మేము చూసినలాంటి జలాంతర్గామికే ఒక భాగాన్ని అతికారు. అతికి, పరీక్షలన్నీ నెగ్గాక, ఆ రోజు తను వాడిన రాడ్లలో కొన్ని వానగాలిలో బయటే ఉండిపోయాయని అనుమానం వచ్చింది. ఖాయంగా తెలియదు, అనుమానమే. మూడు రోజులు ఓర్చుకుని, నాలుగో రోజు పై అధికారికి చెప్పేశారు. ఎనిమిదిమంది నెల రోజులు కష్టపడి చేసిన భాగాన్ని మొత్తం కోసేశారు.

"కోస్తే లోపల ఏముండింది సార్?" అని అడిగాను.

"ఏమీ లేదు. అద్దం మాదిరి ఉండింది."

"అయితే అంతా దండగే కదా సార్."

"ఆ ఎనిమిదిమందీ అట్లనే అన్నారు. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు." ఆయన కొంచెం నవ్వారు. మళ్ళీ ముఖం మామూలుగా అయింది. "దండగ కాదు అమ్మణ్ణీ. దాన్లో దిగి నీళ్ళ కిందికి పొయ్యేవాడు నన్ను సూసినోడు కాదు. ఆ జాయింటు బాగుండాదని యాడో ఒకరికి తెలిసుంటాదని నమ్మి దిగతాడు. ఆ తెలిసినోణ్ణి నేనే. నాకే తెలీకుంటే ఇంక ఎవురికి తెలుస్తాది?"

సోమవారం పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పూతలపట్టు బస్టాపులో నిలబడి ఉన్నారు. రమ్మని నేను అడగలేదు. తిరుపతిలో బస్సు మారి ఏర్పేడు చేరేదాకా ఆయన మామిడి పూత గురించీ వాళ్ళ చెల్లెలి మోకాలి నొప్పి గురించీ మాట్లాడుతూనే ఉన్నారు. కంపెనీ గేటు దగ్గర మాత్రం ఆగి, "లోపలికి నువ్వే పో. నేను ఈడ కూర్చోనుంటా" అని వాచ్‌మన్ బెంచీ మీద కూర్చున్నారు. నేను ఓనరుగారికి అంతా చెప్పాను. ఆయన కేకలు వేసినా, ఫోను తీసి, చట్రాలను వాడవద్దని కొన్నవాళ్ళకు చెప్పారు. వాటిని వెనక్కి తెప్పించి, రెండు రోజుల తరువాత మళ్ళీ పరీక్షిస్తే ఒకదానిలో తల వెంట్రుకంత పగులు బయటపడింది. ఆ వారంలోనే నన్ను పనిలోంచి తీసేశారు. నిజం చెప్పినందుకు కాదు, అబద్ధపు తేదీ మీద సంతకం చేసినందుకు. అది అన్యాయం కాదని నాకు తెలుసు. అయినా ఏడ్చాను. కొన్నాళ్ళు సారు మీద కోపం కూడా వచ్చింది. ఆయన ఆ కథ చెప్పకపోయి ఉంటే ఉద్యోగం మిగిలేది కదా అనిపించింది.

నేను వెళ్ళకపోతే ఆయనే మా ఇంటికి వచ్చారు. నాయన ఆయనకు మంచినీళ్ళిచ్చి, "మీ మాట ఇని పాప పని పోగొట్టుకునింది సార్" అన్నాడు. మెల్లగానే అన్నాడు. సారు తనను సమర్థించుకోలేదు. "అవునప్పా" అన్నారు, అంతే. గ్లాసు కింద పెట్టి, పాపను మళ్ళీ ఐటీఐ షెడ్డుకు పంపమని అడిగారు. ఆ మరుసటి వారం నుంచి ఎనిమిది నెలలు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. విశాఖపట్నంలో అతుకుల పరీక్షకులను తీసుకుంటున్నారన్న ప్రకటన ఆయనే తెచ్చారు. ఆ దరఖాస్తులో, ఎక్కడైనా పనిలోంచి తొలగించారా, ఎందుకు, అన్న గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేద్దామనుకుని ఆయన ముఖం చూశాను. ఆయన పెన్ను నా వైపు జరిపారు. జరిగింది జరిగినట్టు రాశాను. ఆ ఏడాది నాకు రాలేదు. ఆ గడి వల్లే రాలేదేమో, తెలియదు. మరుసటి ఏడాది మళ్ళీ అదే రాసి పంపాను. ఈసారి పిలిచారు, పరీక్ష పెట్టారు, తీసుకున్నారు. ఆ గడి గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఉద్యోగంలో చేరాక మా ఇద్దరి మధ్యా ఒక విచిత్రమైన నిశ్శబ్దం ఏర్పడింది. ఒకే పని తెలిసినవాళ్ళం, ఆ పని గురించి మాట్లాడుకోలేము. ఆయన అడగరు, నేను చెప్పను. సెలవులకు వెళ్తే గ్రేసమ్మగారు చేసిన రాగిసంగటి తిని, వాళ్ళ మేకల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఎన్నేళ్ళో పొగ పీల్చిన ఊపిరితిత్తులు చివరికి ఆయన్ను తిరుపతిలో ఆసుపత్రి మంచం మీదికి చేర్చాయి. కబురు తెలిసి వెళ్ళాను. అంతకు కొన్నాళ్ళ ముందే నేను పరీక్షించిన జలాంతర్గామి మొదటిసారి నీళ్ళ కిందికి వెళ్ళి తిరిగొచ్చింది. ఆ సంగతి ఆయనకు చెప్పాలని రైల్లో దారి పొడుగునా అనిపించింది. అప్పటికది బయటికి చెప్పకూడని సంగతి కాబట్టి చెప్పలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని, మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడగట్టుకుంటూ ఒకటే అడిగారు.

"నిద్ర పడతా ఉండాదా అమ్మణ్ణీ?"

"పడతా ఉండాది సార్" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. చెయ్యి మాత్రం వదల్లేదు. నర్సు వచ్చి టైమైందని చెప్పేదాకా అలాగే కూర్చున్నాను. ఇరవై రోజుల తరువాత ఆయన పోయారు. సమాధి దగ్గర ఆయన ఏం చేసేవారో చెప్పమని పాస్టరుగారు అడిగితే, గ్రేసమ్మగారు మంచి వెల్డరు అని చెప్పారు. నాకు తెలిసినంతవరకు ఆయన గురించి ఇంతకంటే పెద్ద మాట లేదు.

పోయిన వానాకాలంలో ఒకరోజు, ఇంకో రెండేళ్ళలో రిటైరవబోయే వెల్డరు ఒకాయన నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డారు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నెల కిందట ఒక మూలలో చేసిన మరమ్మతును తాను ఎక్కడా రాయలేదని, అప్పట్నుంచి లోపల తొలుస్తోందని చెప్పారు. ఆ మూలను మళ్ళీ తెరవాలంటే ఎంతమంది పని ఆగిపోతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ముందు నాకు కోపమే వచ్చింది. తరువాత నిప్పురవ్వల మచ్చలు నిండిన ఆయన చేతులు చూశాను. సారు చేతులూ అలాగే ఉండేవి. ఎందుకు రాయలేదని అడగలేదు. హెల్మెట్టు పెట్టుకుని లేచి, "పదండి, నేనూ వస్తాను" అన్నాను. మేనేజరు గది దాకా ఆయన పక్కనే నడిచాను. తలుపు దగ్గర ఆయన ఆగిపోయారు. నేనూ ఆగాను. తొందరపెట్టలేదు. కాసేపటికి ఆయనే తలుపు తీశారు.