రెండు గంటల ఢిల్లీ

మా నాన్న ఢిల్లీ నుంచి విమానంలో వచ్చాడని పటమటలో మా వీధి వీధంతా నమ్మిందనే అనుకున్నాను. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. నాన్న ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తా. ఆఫీసరుగారి వెంట పని మీద ఢిల్లీ వెళ్లి తిరిగొచ్చాడు. ఆనాటి నుంచీ సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఒకటే చెప్పడం. ఢిల్లీ నుంచి హైదరాబాదు రెండే గంటలట, అక్కణ్ణుంచి బెజవాడ బస్సుకే అంతకు మూడింతలు పట్టిందట. విమానం ఎక్కగానే పిప్పరమెంట్లు, చెవుల్లో పెట్టుకోను దూదీ ఇచ్చారట.

నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఎందుకంటే, వచ్చిన రోజు నూతి దగ్గర ఆయనకు నీళ్లు తోడి పోసింది నేనే. చెవుల వెనక నుంచీ మెడ మడతల్లోంచీ రైలింజను మసి సిరాలాగా కారింది. కుంకుడు రసంతో ఎంత రుద్దినా నీళ్లు నల్లగానే పోయాయి. విమానానికి బొగ్గు వెయ్యరన్నపాటి తెలివి నాకుంది. అయినా తండ్రిని ఏమని అడగను? దూది మాట ఎత్తగానే ఏదో పని కల్పించుకుని లోపలికి పోయేదాన్ని.

ఒకరోజు మా పక్కింటావిడ వచ్చింది. భర్త పోయాక బట్టలు కుట్టి పిల్లను చదివించుకున్న మనిషి. ఆ కూతురు ఢిల్లీలో నర్సు. తొలి కాన్పు కష్టంగా ఉందని, వెంటనే రమ్మని కబురొచ్చింది. ఈవిడకేమో ఉబ్బసం. ఒక్కతే అంత దూరం వెళ్లగలదో లేదో తేల్చుకోలేక నాన్నను అడగవచ్చింది.

"ప్రయాణం ఎట్టా ఉంటదండీ, అన్నయ్యగారూ? నేను తట్టుకోగలనంటారా?"

నాన్న అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు. రెండు గంటలేనని, కునుకు తీసేలోపల దింపేస్తారని చెప్తూ పిప్పరమెంట్ల దాకా వచ్చాడు. ఆవిడ అడ్డు రాకుండా అంతా విని, చాలా మెల్లగా అంది.

"రైలు సంగతి చెప్పండి, అన్నయ్యగారూ. ఆరోజు మీ స్నానం నీళ్లు మా గుమ్మం ముందు నుంచే పోయినయ్యి."

ఆ గొంతులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది, నాన్న కోపం తెచ్చుకుని బయటపడేవాడు. ఆయన తల వంచుకున్నాడు. నాకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

"విమానం ఆఫీసరుగారికి, చెల్లెమ్మా. నేను ఫైళ్లు పట్టుకుని రైల్లో పోయి రైల్లో వచ్చా."

తర్వాత అన్నీ చెప్పాడు. రెండు రాత్రులు పడుతుందన్నాడు. ఇంజనుకు దూరంగా ఉన్న పెట్టె చూసుకుని, పొగ వచ్చినప్పుడు ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకోమన్నాడు. వేడినీళ్లు ఏ స్టేషన్లో దొరుకుతాయో చెప్పాడు. అయితే వెళ్తానండీ అని ఆవిడ లేచింది.

ఆవిడ వెళ్లాక నాన్న నా వైపు చూడకుండా అడిగాడు.

"ఇంకెవరికి తెలుసంటావు?"

మా సైడుకాలవ ఆవిడ గుమ్మం దగ్గర ఆగదని, వీధి చివరి ఇంటి దాకా పోతుందని నేను చెప్పలేకపోయాను.