లూర్దు వెనకాల వరుసలో: సిద్దిపేటలో ఒక భూస్థాపన

ఆరోగ్యమ్మ టీచర్ చనిపోయారన్న వార్తను మా స్కూల్ గ్రూపులో పెట్టింది లూర్దు. ఏడుపు కంటే ముందు నాకు వచ్చిన ఆలోచన, ఈ సంగతి దీనికి నాకంటే ముందెలా తెలిసిందని. సిద్దిపేటలో మా ఇద్దరికీ నాలుగేళ్లు తెలుగు చెప్పిన టీచర్ ఆమె. నా వ్యాసం చదివి మొదటిసారి "బాగుంది" అన్న మనిషి. ఆమెకు అందరికంటే ఇష్టమైన విద్యార్థిని నేనేనని నా నమ్మకం. లూర్దు నమ్మకం వేరు. ఇప్పుడు హైదరాబాదులో తెలుగు బీఏ చదువుతున్నాను కాబట్టి, టీచర్ గురించి అందరి ముందు మాట్లాడాల్సింది నేనేనని రెండు పేజీలు రాసుకుని బయల్దేరాను. క్యాథలిక్ అంత్యక్రియలకు వెళ్లడం నాకిదే మొదలు. మీకెవరికైనా అలాంటి ప్రయాణం పడితే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

జూబ్లీ బస్టాండ్‌లో ఉదయం ఆరున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ సున్నా. ప్రజ్ఞాపూర్ దాటేదాకా నా పేజీలనే మళ్లీ మళ్లీ చదువుకుని, "అక్షర జ్యోతి" అన్నచోట "అక్షర దీపిక" అని మార్చాను. తొమ్మిది కాకముందే సిద్దిపేటలో దిగాను. చర్చికి ఆటో యాభై రూపాయలు.

"టీచరమ్మ మయ్యత్‌కేనా?" అన్నాడు డ్రైవర్ యూసుఫ్ భాయ్. "మా షబానాకు గూడ చదువు చెప్పింది. మా పోరి అంటే పానం ఆమెకు."

ఆటో దిగేసరికి నాకు పోటీ ఇద్దరయ్యారు.

గేటు మీది ఫ్లెక్సీలో "భూస్థాపన" అని ఉంది. పాతిపెట్టడానికి ఇంత నిండైన మాట ఉందని నాకు తెలియదు. ఎవరు రాయించారని అడిగితే లూర్దేనని చెప్పారు.

రాత్రంతా ఇంట్లో జపమాల చెప్పుకున్నారట. పొద్దున పెట్టెను చర్చి గుమ్మం దగ్గర దించగానే ఫాదర్ దాని మీద పవిత్ర జలం చల్లారు. పెట్టెంతా కప్పేలా తెల్లగుడ్డ పరిచారు. ఏ పెట్టె ఎంత ఖరీదో ఆ గుడ్డ కింద కనబడదు. లోపలికి వెళ్లేముందు నేను ఫాదర్‌కు నా పేజీలు చూపించాను.

"పూజ నడుమ ఉపన్యాసాలు ఉండవు తల్లీ" అన్నారాయన. "గీడ బైబిల్ వాక్యమే చదువుతరు. నీ మాటలు సమాధుల తోటల, ప్రార్థన అయినంక చెప్పు. రెండే ముక్కలు."

"మరి వాక్యం ఎవరు చదువుతరు ఫాదర్?"

జవాబు టీచర్ చెల్లెలు శౌరమ్మ చెప్పింది. "లూర్దు. అక్కనే చెప్పి పోయింది, మొదటి పఠనం అదే చదవాలె అని."

టీచర్ స్వయంగా చెప్పారట. తెల్ల చుడీదార్‌లో లూర్దు లేచి చదివింది. ఎక్కడైనా తప్పు పోతుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. ఒక్క ఒత్తు కూడా పోలేదు. అందుకే ఇంకా మండింది.

కాసేపటికి ఫాదర్ ఇచ్చే చిన్న తెల్లని అప్పం తీసుకోవడానికి అందరూ వరుసగా ముందుకు నడిచారు. లూర్దు లేచింది కాబట్టి నేనూ లేచి, సరిగ్గా ఆమె వెనకే నిలబడ్డాను. శౌరమ్మ నా మోచేయి పట్టుకుంది.

"ఓ బిడ్డా, నువ్వు జ్ఞానస్నానం, గదే బాప్తిస్మం, తీసుకున్నవా?"

"లేదమ్మా."

"మరి గీడికెందుకు వచ్చినవ్? ఇది గుళ్లె ప్రసాదం లెక్క అందరికి ఇచ్చేది కాదు."

లూర్దు వెనక్కి తిరిగింది. "గీడ గూడ నాతోని పోటీయేనా శ్రావణీ? చేతులు గిట్ల ఛాతి మీద కట్టుకో. సత్ప్రసాదం ఇయ్యరు, దీవెన ఇస్తరు."

సిగ్గుతో చేతులు కట్టుకున్నాను. ఫాదర్ నా తల మీద చెయ్యి పెట్టారు. ఆ మర్యాద కూడా లూర్దు దగ్గరే నేర్చుకోవాల్సి వచ్చింది.

సమాధుల తోట దాకా పెట్టె వెంట అందరం నడిచాం. ప్రార్థన, సాంబ్రాణి పొగ, ఒక్కొక్కరు వేసే గుప్పెడు మట్టి. అప్పుడు ఫాదర్ నావైపు చూసి, "ఇగ చెప్పమ్మా" అన్నారు. పేజీలు తీశాను. ఎండలో పారలు పట్టుకుని మనుషులు ఎదురుచూస్తున్నారు. ఆ గోతి పక్కన "అక్షర దీపిక" నోట్లోంచి రాలేదు. "నా రాత బాగుందని టీచరే మొదట చెప్పిన్రు" అన్నాను, అంతే.

"నాకు గూడ గట్లనే చెప్పింది" అన్నారెవరో. "నాకు గూడ" అంది ఇంకో గొంతు. శౌరమ్మ ఏడుస్తూనే నవ్వింది. "అక్క అందరికీ గంతే."

టీచర్‌ను ఇంతమందితో పంచుకోవడం అంత తేలిక కాదని అక్కడ తెలిసింది. బయటికి వచ్చేటప్పుడు శౌరమ్మను అడిగాను, మళ్లీ ఎప్పుడు రావచ్చని. నవంబర్ రెండున సమాధుల పండుగట. ఆ రోజు సమాధుల మీద పూలు, కొవ్వొత్తులు పెడతారు. ఎవరైనా రావచ్చు, జ్ఞానస్నానం గురించి అడగరు.

"మొదటి కొవ్వొత్తి ఎవరు పెడతరమ్మా?"

"ఎవరు ముందుగాల వస్తే వాళ్లే."

తిరుగు బస్సులో లూర్దు గురించే ఆలోచించాను. దుఃఖం వచ్చినప్పుడు ఎక్కడ నిలబడాలో, చేతులు ఎలా పెట్టుకోవాలో, మళ్లీ ఏ రోజు రావాలో లూర్దుకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చదవమని టీచర్ ఆమెనే అడిగారన్న బాధ కంటే నాకు ఈ అసూయే ఎక్కువగా మిగిలింది. మీరు క్యాథలిక్ కాకుండా ఇలాంటి పూజకు వెళ్తే, సత్ప్రసాదం వేళ కూర్చునే ఉండండి, తప్పేం లేదు. దీవెన కావాలంటే చేతులు ఛాతి మీద కట్టుకుని వరుసలో వెళ్లండి. నవంబర్ రెండున జూబ్లీ బస్టాండ్‌లో మొదటి బస్సు ఎక్కితే నేను కనిపిస్తాను. లూర్దుకు మాత్రం చెప్పకండి.