ప్రార్థనలో విన్న సంతకం

తన గొంతుకు గొట్టం వద్దని మా ఆయన సంతకం పెట్టిన సంగతి నాకు ఒక ప్రార్థనలో తెలిసింది. దేశం కాని దేశంలో, హెండర్సన్‌లోని మా ఇంట్లోనే, శుక్రవారం ప్రార్థన కూడికలో.

కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడే జబ్బు ఆయనది. అప్పటికే మాస్క్ పెట్టుకుంటే గాని ఊపిరి ఆడేది కాదు. అది కూడా చాలని రోజు వస్తే గొంతుకు గొట్టం వేయించి, వెంటిలేటర్ పెట్టి ఇంట్లోనే చూసుకుంటామని డాక్టర్లతో నేనే వాదించాను. నేను నర్సుని. ఆయన పక్కనే కూర్చుని ఉండగా ‘మేం’ అని మాట్లాడాను. పాతికేళ్ల కాపురం, వేరే అడగాలని తోచలేదు.

అందరం కళ్లు మూసుకున్నాం. నేను డ్యూటీకి వెళ్లినప్పుడు ఆయన దగ్గర ఉండే ఆంటీ ప్రార్థన ఎత్తుకున్నారు.

“ప్రభువా, గొట్టం వద్దని బ్రదర్‌గారు సంతకం పెట్టొచ్చారయ్యా. తట్టుకునే బలం మా సిస్టర్‌కి ఇయ్యి తండ్రీ.”

చుట్టూ ఆమెన్‌లు. ఒక్క గొంతులోనూ ఆశ్చర్యం లేదు. నాకూ తెలుసనే అనుకున్నారు పాపం ఆంటీ. ఆయన్ని ఆవిడ భర్తే కారులో తీసుకెళ్లారట. అలాంటి కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో వార్డులో ఎంతమందికి చూపించానో నేను! కళ్లు తెరిచి ఆయన్ని చూశాను. ఆయన తెరవలేదు. అందరికీ పులిహోర పెట్టి పంపాను.

వాళ్లు వెళ్లాక అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

“చెప్తే ఒప్పిస్తావు,” అన్నారు ముద్దముద్దగా. “నేను ఒప్పేసుకుంటాను.”

నాతో ఒక్క మాట అనలేని మనిషి సంఘమంతటితో అనగలిగారు. వారం రోజులు స్నానం చేయించాను, మాస్క్ పెట్టాను, తినిపించాను, పలకరించలేదు.

చలికాలంలో మాస్క్ చాల్లేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం చేతిలో పట్టుకుని, మనసు మార్చుకున్నారా అని ఆయన్నే అడిగింది. ఆయన ఏదో అన్నారు. అప్పటికి ఆ మాట నాకు తప్ప ఎవరికీ అర్థం కావడం లేదు. ఏమంటున్నారని ఆమె నా వైపు తిరిగింది.

ఒక్క అబద్ధం చాలు. ఆయన్ని ఇంటికి తెచ్చుకునేదాన్ని.

“వద్దంటున్నారు,” అన్నాను.

నన్ను నమ్మక దాచిన మాటను చివరికి నా నోటితోనే చెప్పించుకుని వెళ్లారు. నేను క్షమించలేదు.