ఊటీ మొక్కకి నేను చేసిన ఉపకారం

రామచంద్రపురంలో అద్దెకున్న రోజుల్లో, ఎవరూ అడక్కుండానే, ఎంతో ప్రేమగా నేనొక హత్య చేశాను. అప్పట్లో బళ్లో పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని. అదింకా సిగ్గుచేటు.

ఇంటి ఓనరు సుగుణ టీచరుగారు రిటైరైన మనిషి. ఊటీ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న ఆఫ్రికన్ వయొలెట్ మొక్కంటే ఆవిడకి ప్రాణం. టీకప్పంత కుండీ, నూగు ఆకులు, మధ్యలో ఊదారంగు పూలు. కూతురి పురిటికి వెళ్తూ దాన్ని నాకప్పగించారు.

"అమ్మాయ్, మట్టి పొడారితే అడుగు పళ్లెంలో కాసిని నీళ్లు పొయ్యి. అంతకుమించి ఏమీ చెయ్యకు."

"ఏమీ చెయ్యకపోతే ఎలాగండీ?"

"చెయ్యకుండా ఉండటమే పని!"

ఆవిడ బస్సెక్కేదాకా ఆగాను. అంత చిన్న కుండీలో వేళ్లు ఎలా సర్దుకున్నాయో చూడాలని ఒకటే కుతూహలం. పీకి చూశాను. అయ్యో పాపం, ఎంత ఇరుకు! ఖాళీ పెయింటు బకెట్లో కాలవగట్టు ఒండ్రుమట్టి, పేడ ఎరువు దట్టించి నాటాను. వరికీ కొబ్బరికీ పనికొచ్చిన మట్టి దీనికి పనికిరాదా? రోజూ చెంబుతో తలస్నానం కూడా చేయించాను. నమ్మండి, మా అమ్మ నన్ను కూడా అంత శ్రద్ధగా పెంచలేదు.

వారం తిరిగేసరికి మొక్క ఉడికిన తోటకూరలా పడుకుంది. నాకు ఏడుపొచ్చింది. మిగిలింది ఒకే ఒక్క ఆకు. ఆకు గుచ్చితే మొక్కొస్తుందని ఫోన్లో చదివి, పాత కుండీలో గుచ్చాను. కానీ వేరొచ్చిందో లేదో తెలిసేదెలా? మీరే చెప్పండి. రోజూ పొద్దున్నే పీకి చూసి, మళ్లీ గుచ్చేదాన్ని.

టీచరుగారు రానే వచ్చారు.

"ఏంటమ్మా ఇది?"

"మొక్కేనండి... కొంచెం తగ్గింది."

"కొంచెమా? ఈ ఆకు ఎప్పుడు గుచ్చావ్?"

"చాలా రోజులైందండి. ఇంకా వేరు రాలేదు."

"రాలేదని నీకెలా తెలుసు?"

అలవాటు చొప్పున ఆకు పీకి చూపించాను. ఆవిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతలోనే నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. తరవాత గాజుగ్లాసులో నీళ్లు పోసి, కాడ మునిగేలా ఆకుని నిలబెట్టారు.

"ఇదిగో, ఎంతసేపైనా చూసుకో. ముట్టుకున్నావంటే ఇల్లు ఖాళీ చేద్దువుగాని!"

గ్లాసుకి ముక్కు ఆనించి కూర్చోవడం నా దినచర్య అయింది. ఓ పొద్దున కాడ చివర తెల్లటి దారప్పోగులాంటి వేరు! ఇల్లదిరేలా కేకపెట్టాను.

ఆ వేరు సాక్షిగా ప్రమాణం చేశాను: ఒంట్లో ప్రాణముండగా మట్టిలో ఉన్న ఏ మొక్కనీ పీకి చూడను. నమ్మానన్నారు టీచరుగారు. అయితే ఆకుని మట్టిలోకి మార్చిన రోజు నుంచి, బజారుకెళ్లినప్పుడల్లా ఆ కుండీని కూడా సంచీలో పెట్టుకుని వెళ్లేవారు.