తాడు పట్టి సరిచేసిన గూటాలు

వేముల దగ్గర హబీబుల్లాకు మూడున్నర ఎకరాల వాలు పొలం ఉండేది. వాన పడిన ప్రతిసారీ పైమన్ను ఎర్రగా కరిగి కింది వంకలో కలిసేది. వాళ్ళ నాయన కాలంలో మోకాటి లోతున్న మన్ను ఇతని చేతికొచ్చేసరికి జానెడయింది. అక్కడక్కడ రాళ్ళు తేలాయి. ఇంకో పదేళ్ళు ఇట్లాగే పోతే వేరుశనగ కాదుగదా, గడ్డి కూడా మొలవదని అతనికి తెలుసు.

మన్ను కొట్టుకుపోకుండా సర్కారు వాళ్ళు పొలాల్లో గట్లు వేయిస్తారని సంతలో ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని రెండేళ్ళు తిరిగాడు. పులివెందులలో అడిగితే జమ్మలమడుగు పొమ్మన్నారు. జమ్మలమడుగులో, ఆ పని చూసే ఆయన ప్రొద్దుటూరులో ఉంటాడన్నారు. ప్రొద్దుటూరు పోతే ఆయన పల్లెలకు పోయాడన్నారు. ఈలోగా ఆంధ్రరాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది.

"ఏమన్నారు?" అని భార్య గులాబ్‌బీ అడిగితే, "బోర్డుకు కొత్త రంగేసినారు. నేను కూచునే బెంచీ మాత్రం అదే" అన్నాడు.

చివరికి ఓవర్సీరు కోదండపాణి వచ్చాడు. మూడుకాళ్ళ మిషను నిలబెట్టి, ఒంటికన్నుతో చూసి చూసి, పొలానికి అడ్డంగా ఇరవై రెండు కొయ్య గూటాలు పాతించాడు. వాటి వెంబడే గట్టు వస్తుందని, పనివాళ్ళు దిగేదాకా ముట్టుకోవద్దని చెప్పి పోయాడు.

గూటాల వరస పాము పోయినట్టు మెలికలు తిరిగి ఉంది. దారిన పోతూ పక్క పొలం కమాల్ బాషా ఆగి నవ్వాడు.

"ఏం మామా, ఆ సారు కల్లు తాగి పాతినాడా ఏంది? నీ సాలు చూసి గోడ కట్టుకోవచ్చనేటోళ్ళమే!"

ఆ మాట హబీబుల్లాకు గుచ్చుకుంది. సాలు వంకరపోతే మళ్ళీ మొదట్నుంచి దున్నే మనిషి అతను. ఓవర్సీరు కుర్రవాడు, ఇంకా చెయ్యి తిరగలేదు, పైవాళ్ళు చూస్తే పని ఆపేస్తారేమో అనుకున్నాడు. మరునాడు ఈ చివర నుంచి ఆ చివరకు తాడు లాగి గూటాలన్నీ పీకి సూటిగా పాతాడు. పాత గుంతలు పూడ్చి కాలితో తొక్కాడు.

వారానికి వచ్చిన కోదండపాణి అది చూసి నేలమీదనే కూలబడ్డాడు.

"ఎంత పని చేసినావు సాయిబూ! ఆ వంకర నాది కాదు, నీ పొలానిది. నీళ్ళు సమంగా నిలిచే వరస అది. నీ తాడు మాట నీళ్ళు వింటాయా?"

"మళ్ళా మిషను పెట్టు సారూ."

"అది రాయచోటి పక్కకు పోయింది. సోమవారం కూలీలు దిగకుంటే ఈ పని ఇంకో ఊరికి పోతాది."

ఆ రోజు శుక్రవారం. ఓవర్సీరు పోయాక మొగుడూ పెళ్ళాలు పొలంలో మోకాళ్ళ మీద కూర్చుని పాత గుంతల కోసం వెతికారు. గట్టినేల మధ్య వేలు దిగితే గుంత. అంతే గుర్తు.

"రెండేండ్లు కాళ్ళరిగేట్టు తిరిగినావు. ఒక్క వారం చేతులు కట్టుకొని ఉండలేకపోయినావే!" అంది గులాబ్‌బీ.

ఆదివారం మధ్యాహ్నానికి పంతొమ్మిది దొరికాయి. మిగిలిన మూడూ పల్లం దగ్గరివి. వరస ఎక్కువ మెలిక తిరిగింది అక్కడే, అతను ఎక్కువ తొక్కిందీ అక్కడే. కాసేపటికి గులాబ్‌బీ మెల్లగా అంది: "తిట్టొద్దు. నువ్వు పీకకముందు ఆడ ఒక గూటానికి నేను మేకను కట్టినా."

మేక తాడు పొడవునా గుండ్రంగా గడ్డి మేసిపెట్టింది. ఆ గుండ్రానికి నడుమ వేలు పెడితే గుంత తగిలింది. రెండేళ్ళలో ఆమె ముందు అతను నవ్వింది అప్పుడే.

కడమ రెండూ దొరకలేదు. ఎవరి చూపు మీద ఊరంతా నమ్మకం పెట్టుకుందో, ఆ మనిషే ఆ రెండు గూటాలనూ అంచనా మీద దిగ్గొట్టాడు. సోమవారం వచ్చిన ఓవర్సీరుకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఇంక వాననే అడగాల" అన్నాడు కోదండపాణి.

గట్టు పడింది. మన్ను నిలిచింది. ఏటా పెద్దవానకు ఆ రెండు గూటాల నడుమ మాత్రం తెగేది. వాన వెలిసేసరికి హబీబుల్లా గంప, పార తీసుకుని బయలుదేరేవాడు. మొదట్లో విసుక్కునేవాడు. తర్వాత అదీ మానేశాడు. గడ్డం తెల్లబడ్డాక కూడా అదే పని.

"యాడ మామా, మళ్ళా ఆడేనా?" అని కమాల్ బాషా కేకవేసేవాడు.

"ఆడే" అని, గంప దించి, పారకు అంటిన బురద కాలితో తోసేవాడు.