పెద్దాయన జీవిత చరిత్రకు సాంబ్రాణి పొగ

ఆ రోజుల్లో నాకు భయపడటం తప్ప మరే పనీ సరిగ్గా వచ్చేది కాదు. కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కార్డు ఉందో పోయిందోనని మాటిమాటికీ పర్సు తడుముకునేదాన్ని. లిఫ్టులో ఎవరైనా పలకరిస్తారేమోనని మెట్లెక్కి పోయేదాన్ని. మంగఫ్‌లో పిన్నీ వాళ్లింట్లో ఉంటూ పని వెతుక్కుంటున్న నన్ను ఒక అమెరికన్ తరహా ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు తమ ప్రెసిడెంటు ఆఫీసులో వేశారు (ఏం చూసి వేశారో నాకిప్పటికీ తెలియదు). ప్రెసిడెంటుగారు అసలు సిసలు అమెరికన్. మేం చాటుగా పెద్దాయన అనేవాళ్లం. ద్వారబంధం తలకు తగిలేంత పొడుగు మనిషి, కానీ భయంలో నాకేమీ తీసిపోడని చేరిన వారానికే కనిపెట్టాను.

ఆయన భయానికి కారణం ఉంది. చిన్నప్పుడు ఊళ్లో ఆవుల పాలు పితికి, హాస్టల్లో గిన్నెలు కడుగుతూ చదువుకుని, చరిత్ర పాఠాలు చెప్పి, డీన్ అయి, చివరికి అమెరికాలోనే ఓ చిన్న కాలేజీకి ప్రెసిడెంటు అయ్యాడు. అక్కడి బోర్డు ఒకనాడు పిలిచి, ఇక మీరు రానక్కర్లేదంది. ఆ వయసులో కువైట్ పిలిచింది, అదీ ఏడాది చూసి చెబుతామన్న షరతు మీద. ఆ ఏడాదీ అయిపోవచ్చింది. ఇక్కడి బోర్డు పెద్దల్ని ఇంటికి పిలిచి, తన జీవితమంతా తెర మీద బొమ్మలేసి చూపించి, తనను ఉంచుకోమని అడగాలనుకున్నాడు. ఇక రోజూ నా ముందే రిహార్సలు. ఆవుల దగ్గరే బోలెడంతసేపు పట్టేది. గిన్నెల దాకా వచ్చేసరికి నాకు కునుకొచ్చేది. "వీళ్లు కూడా పంపించేస్తే నాకిక వెళ్లే చోటు లేదమ్మా" అన్నాడొకసారి (అన్నది ఇంగ్లీషులోనే, నాకు మాత్రం తెలుగులోనే వినిపించింది). ఆ మాటకి నా కునుకు ఎగిరిపోయింది. ఆఫీసు కారు నడిపే రాయచోటి మామ మిగతా ధైర్యం కూడా తీసేశాడు. "ఆయప్ప పోతే ఆయప్ప ఆఫీసు ఖలాస్ పాపా. మనం గూడా ఖలాసే."

మర్యాదల సంగతి పెద్దాయన నాకు ఒప్పజెప్పాడు. నేను పిన్నికి ఒప్పజెప్పాను. "పెద్దవాళ్లు వచ్చి కూర్చోగానే ధూపం వెయ్యవే. ఉత్త చేతుల్తో పిలుస్తారా ఎవరన్నా?" అంది పిన్ని. మన సాంబ్రాణి బదులు ఇక్కడివాళ్ల బఖూర్ అయితే వాళ్లు ఇంకా సంతోషిస్తారని నా సొంత తెలివి. అత్తర్ల దుకాణంలో మంచి రకమే కొన్నాను.

ఆ సాయంత్రం పెద్దలంతా వచ్చి కూర్చున్నారు. ఖర్జూరాలు, గహ్వా కాఫీ అయ్యాయి. తెర మీద ఆవు ప్రత్యక్షమైంది. పెద్దాయన గొంతు సవరించుకుని "నేను పుట్టింది..." అన్నాడో లేదో, పొగలు కక్కుతున్న పాత్ర పట్టుకుని నేను లోపలికొచ్చాను. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే పొగను గడ్డానికీ తలగుడ్డకీ పట్టించుకుని, దండం పెట్టించుకున్నంత గంభీరంగా లేచి, పెద్దాయన చెయ్యి ఊపి గుమ్మం వైపు నడిచారు. బయట కారు దగ్గరున్న మామ కిటికీలోంచి, "ఏమైంది పాపా, అందరూ అప్పుడే వస్తాండారు?" అన్నాడు. ఏమైందో నాకు తెలిస్తేగా! ఏడుపు ముంచుకొచ్చింది.

పెద్దాయన మొహం పాలిపోయింది. రోజూ బట్టీ పట్టిన ఉపన్యాసమంతా వదిలేసి, గుమ్మం దాకా పరుగెత్తి, చేతులు అడ్డం పెట్టి, "వెళ్లకండి. దయచేసి వెళ్లకండి" అన్నాడు.

అందరిలోకీ పెద్ద, తెల్ల గడ్డం ఆయన ఆగాడు. "డాక్టర్, మా ఇళ్లల్లో బఖూర్ ఆఖర్న వస్తుంది. అది వచ్చిందంటే ఇక సెలవు తీసుకోమని. మరి నువ్వు మొదట్లోనే పంపించేస్తుంటే..." అన్నాడు.

పెద్దాయన నా వైపు చూశాడు. "మా ఇళ్లల్లో ధూపం రమ్మనడానికండీ" అన్నాను. ఎలా అన్నానో తెలియదు, పాత్ర ఇంకా చేతిలోనే పొగలు కక్కుతోంది. ముసలాయన పగలబడి నవ్వాడు. వచ్చి మళ్లీ కూర్చుని, "యల్లా, కానివ్వండి, గహ్వా పొయ్యండి" అని, తెర మీది ఆవును చూపించి, "ఇది ఎన్ని పాలిచ్చేది?" అని అడిగాడు. ఆ సాయంత్రం డీన్ పదవి దాకా ఎవరూ రాలేదు. ఆవుల గురించీ, ముసలాయన చిన్నప్పటి మేకల గురించీ మాట్లాడుకుంటూనే కూర్చున్నారు. వెళ్తూ వెళ్తూ ముసలాయన పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, "గుమ్మంలో అడ్డం పడి మమ్మల్ని ఉండమన్నావు. నిన్ను వెళ్లమని మేమెలా అంటాం?" అన్నాడు. పెద్దాయన ఆ చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. నేను మాత్రం వంటింట్లోకి పోయి బాగా ఏడ్చాను.

ఇప్పుడు అదే ఆఫీసు సిబ్బందికి నేనే పెద్దని. లిఫ్టు ధైర్యంగానే ఎక్కుతాను. కానీ పిన్నిని తప్ప ఎవరినీ అడగకుండా, చేతిలో నిప్పులు పట్టుకుని, అంతమంది పెద్దల మధ్యలోకి నడిచిన ఆ పిరికిపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది. ఇప్పుడైతే నలుగురికి మెయిల్ పెట్టనిదే కుర్చీ కూడా జరపను.