ఆదెమ్మ అడిగిన ఆదరణ కూడిక

ప్రత్తిపాడు దగ్గరి ఆ పల్లెలో విశ్వాసుల ఇంట ఎవరైనా చనిపోతే, మూడో రోజున బంధువులూ సంఘస్థులూ చేరి ఆదరణ కూడిక జరుపుతారు. ముప్ఫై ఏళ్లపాటు ఆ కూడికలన్నింటిలో, దుఃఖంలో ఉన్నవారి పక్కన మొదట కూర్చున్న మనిషి సంఘపెద్ద దానయ్య. మిరప కల్లాల్లో కూలి చేసుకునే ఆయన ప్రార్థనకు ముందు ఒకే ప్రశ్న వేసేవాడు: పోయినవారు ఏ పని బాగా చేసేవారు? జవాబు విన్నాకే కళ్లు మూసుకునేవాడు. ఆ ఇంట పెట్టిన అన్నం తినకుండా ఎన్నడూ లేవలేదు.

ఇప్పుడాయనకు డెబ్బై నాలుగేళ్లు. మతిమరుపు జబ్బు మొదలై నాలుగేళ్లయింది. మొదట తేదీలు పోయాయి, తర్వాత కొడుకు పేరు. కిందటి వేసవిలో భార్య ఆదెమ్మ ముఖం పోయింది.

"ఏమ్మా, ఇంకా మీ ఇంటికి పోలా? మా ఆడమనిషి చూసిందంటే ఇద్దరికీ మూడుద్ది," అంటాడు.

"చూస్తే చూడనీండి. ఆవిడకి నేనంటే భయంలే."

ఆదెమ్మ నవ్వుతూనే అంటుంది. కానీ పరాయి ఆడమనిషి పెట్టిన అన్నం ఆయన ముట్టడు. కోడలు మహిమ పెడితే తింటాడు. యాభై ఏళ్లు వండిపెట్టిన ఆదెమ్మ తలుపు పక్కన నిలబడి చూస్తుంది.

మార్చిలో ఒకనాడు ఆమె కొడుకును అడిగింది: "నాకు ఆదరణ కూడిక పెట్టించరా."

శ్యామ్ సుందర్ మండిపడ్డాడు. "బతికున్నోడికి కూడికేందే? ఊరంతా నవ్వుద్ది!"

"ఆయనకి కాదురా, నాకు. మన సంఘంలో ఫెబా మొగుడు పోతే అందరూ వచ్చి దాన్ని ఏడవనిచ్చారు. నా మొగుడు పోయి ఏడాదవుతుంది. ఒక్కళ్లు నా పక్కన కూర్చోలా."

కొడుకు రెండు వారాలు తల్లితో మాట్లాడలేదు. ఒక ఉదయం తండ్రి అతన్ని "బాబూ, మీదే ఊరు?" అని అడిగాడు. ఆ సాయంత్రమే పాస్టరుగారి దగ్గరకు వెళ్లాడు.

ఆదివారం ఆరాధన ముగిశాక పాతికమంది వాళ్లింటికి వచ్చి చాపల మీద కూర్చున్నారు. పాట మొదలుకాగానే ఆదెమ్మ ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. దానయ్య మంచం దిగి, మెల్లగా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఎవరు పోయారమ్మా?"

శ్యామ్ సుందర్ లేవబోయాడు. ఆదెమ్మ చేత్తో వారించింది.

"మా ఇంటాయనండి."

"అయ్యో. ఏ పని బాగా చేసేవాడు?"

"మిరపకాయ చెవి దగ్గర ఊపి, గింజ చప్పుడు విని, ఎండిందో లేదో చెప్పేవాడండి. ఏనాడూ తప్పుపోలా."

"అయితే పనోడే," అన్నాడు దానయ్య గౌరవంగా, కళ్లు మూసుకుంటూ. ప్రార్థన రెండు వాక్యాలు సాగింది. మూడోది సగంలో ఆగిపోయింది. ఆగినచోటే ఆదెమ్మ ఆమేన్ అంది.

భోజనాల వేళ ఆమె అన్నం కలిపి పళ్లెం ఆయన ముందు పెట్టింది. దానయ్య ఆమె ముఖంలోకి చూశాడు. గుర్తుపట్టలేదు. దుఃఖమున్న ఇంటి అన్నం గనుక కాదనలేదు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఆదెమ్మ ఆయన పక్కనే కూర్చుంది.